వస్తాదుగారి ఇసుక సీసాలు

సెగమ్మకి మనుషులంటే ఏనాడూ పెద్ద గౌరవం లేదు. పని చేసేవాళ్ళంటే కొంచెం ఉంది, పని చేస్తున్నట్టు కనపడేవాళ్ళంటే అస్సలు లేదు. ఈ రెండో రకంవాళ్ళందరినీ వరసలో నిలబెడితే అందరికంటే ముందుండేది ఆవిడ అల్లుడు. పైకి మాత్రం "అల్లుడుగారూ, మీరు" అనే అంటుంది. కూతుర్నిచ్చుకున్నాక ఆ మాత్రం తప్పదు కదా. మనసులో అతనికి ఆవిడ పెట్టుకున్న పేరు వస్తాదు.

సెగమ్మ అన్నదీ అసలు పేరు కాదు. ఆవిడ వయసంతా ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో గడిచిపోయింది. మరలోంచి తడి దుప్పట్లు లాగి, గంపల్లో నింపి, చెరో చెవీ పట్టుకుని మోసుకెళ్ళి, ఆవిరి రోలర్ల కిందికి తోసే పని. నీళ్ళు పీల్చిన దుప్పట్ల గంప ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్ళకే తెలుసు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా అక్కడి ఆడవాళ్ళు ఆ గంపలు మోసేవారు. ఎవరూ దాన్ని వ్యాయామం అనలేదు, ఎవరూ ఫోటో తియ్యలేదు. ఆవిరి పక్కన నిలబడి నిలబడి ఆవిడ ముఖం కందిపోయేది, నోరు అంతకంటే వేడిగా ఉండేది. అందుకని తోటివాళ్ళు సెగమ్మ అన్నారు. సూపర్‌వైజర్లు కూడా అదే పేరుతో పిలిచేవారు, కాకపోతే కాస్త దూరంలో నిలబడి.

అంతటి మనిషి, పని మానేసిన కొన్నాళ్ళకే బస్సు మెట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల రేకు వేశారు. ఎముక అతుక్కుంది గానీ మంచంలో పడి ఉన్న నెలల్లో కాళ్ళు చిక్కి సగమయ్యాయి. డాక్టరు చూసి, ఎముకతో తన పని అయిపోయిందనీ, ఇక నడిచేదీ నడవనిదీ కాళ్ళ చేతుల్లో ఉందనీ చెప్పి చేతులు దులుపుకున్నాడు. కాళ్ళకి చేతులెక్కడివిరా నాయనా అనుకుంది సెగమ్మ, డాక్టర్ల తెలివి మీద ఆవిడకి మొదట్నుంచీ అనుమానమే. కూతురు తన ఫ్లాటుకి తెచ్చుకుని హాల్లో కిటికీ పక్కన మంచం వేసింది.

కాళ్ళకి వ్యాయామం నేర్పడానికి ఒక పిల్ల వచ్చేది. తడిగుడ్డలాంటి చేతులు, పలచటి గొంతు. అయినా ఆ పిల్ల చూపించినవి మాత్రం గట్టివే: కుర్చీలోంచి లేచి నిలబడటం, గోడ పట్టుకుని మడమలెత్తడం, కూర్చుని మోకాలు చాపడం. ఇవి రోజూ చేస్తే లేచి నడుస్తారు బామ్మగారూ అంది. బామ్మగారూ అన్నందుకు సెగమ్మ మూతి ముడుచుకుంది గానీ, చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకుంది.

అంతలో వస్తాదు అడ్డం పడ్డాడు. ఇంట్లో నాలాంటివాడుండగా బయటివాళ్ళెందుకు, అత్తయ్యగారి చేత నేనే చేయిస్తానని ఆ పిల్లని మానిపించేశాడు.

ఇతగాడి సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒక గోదాము గేటు దగ్గర మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా డ్యూటీ. లారీ వస్తే నంబరు చూసి తలూపుతాడు, వెళ్తే ఇంకోసారి తలూపుతాడు. లోపల బస్తాలు మోసే మనుషులు వేరే ఉన్నారు. ఆ మధ్య చొక్కా బొత్తాం ఒకటి పొట్ట దగ్గర తెగి టీకప్పులో పడిందట, దాంతో జ్ఞానోదయమైంది. రాత్రీ పగలూ ఫోన్లో వీడియోలు చూసి, డబ్బులు పోసి జిమ్ములకి వెళ్ళేవాళ్ళంతా వెర్రివాళ్ళని, ఇంట్లో ఉన్న సామానుతోనే కండలు పెంచొచ్చని తేల్చాడు. ఇక ఇంట్లో ఏ వస్తువుకీ దిక్కు లేకుండా పోయింది. మాపు కర్రకి చెరోవైపూ నీళ్ళ డబ్బాలు వేలాడదీసి ఎత్తడం, రెండు కుర్చీల మధ్య వేలాడి కిందికీ పైకీ ఊగడం, దుప్పటి కొసకి ముడేసి, ముడి అవతలుండేలా తలుపులో ఇరికించి వెనక్కి వాలి లాగడం. ఆ దుప్పటి పర్రుమని చిరిగిన రోజు లాండ్రీ మనిషి ప్రాణం ఉసూరుమంది. అన్నిటికంటే ముద్దు అతని సీసాలు. పెద్ద పెద్ద కూల్‌డ్రింకు సీసాల్లో ఇసుక పోసి, చూడ్డానికి అసలైన ఇనప సామానులా ఉండాలని మూతి నుంచి అడుగుదాకా నల్ల టేపు చుట్టాడు. కిటికీ కింద వరసగా పెట్టుకుని ఫోన్ ఎదురుగా నిలబడి అవి ఎత్తుతాడు. ఎత్తినంతసేపూ ఆపసోపాలు పడుతూ మూలుగుతాడు. పురుడు పోసుకునేవాళ్ళు కూడా అంత గోల చెయ్యరని సెగమ్మ దుప్పటి ముసుగులో గొణుక్కునేది.

అత్తగారి చేత వ్యాయామం చేయించే తీరిక వస్తాదుకి ఒక్కరోజూ దొరకలేదు. ఎత్తడానికి మాత్రం దొరికేది.

పొద్దున్నే కూతురు స్కూలు ఆఫీసులో పనికి వెళ్ళిపోయాక, సెగమ్మని బాత్రూముకి చేర్చే భాగ్యం అతనిదే. చక్రాల ఆఫీసు కుర్చీ ఒకటి ఉండేది. అందులో కూర్చోబెట్టి బాత్రూము గుమ్మందాకా తోసుకెళ్ళేవాడు. గుమ్మానికి జానెడెత్తు గట్టు, చక్రాలు దాటవు. అక్కడ ఆవిడని రెండు చేతులా ఎత్తి, గట్టు దాటించి, లోపల దించేవాడు. కుర్చీ మాత్రం గుమ్మంలోనే ఉండిపోయేది. దాన్ని వెనక్కి లాగితేనే తలుపు మూసుకుంటుంది, మళ్ళీ తోసుకురావడం దండగని లాగేవాడు కాదు. మాపు కర్రకి నీళ్ళ డబ్బాలు కట్టి ఎత్తే మనిషికి చక్రాలున్న కుర్చీ లాగడం బరువైపోయింది! తలుపు బార్లా తెరిచి ఉండగా, అటు తిరిగి నిలబడి ఏదో కూనిరాగం తీసేవాడు. అల్లుడు రాగం తీస్తుంటే లోపల అత్తగారు కూర్చుని ఉండాలి. సెగమ్మకి తల కొట్టేసినట్టుండేది.

ఈ రాగం రోజుకి ఒక్కసారి కంటే ఎక్కువ వినలేక ఆవిడ నీళ్ళు తాగడం తగ్గించేసింది. నాలుక పిడచకట్టుకుపోయినా ఒక్క గుక్కతో సరిపెట్టేది. అమ్మా నీళ్ళు కావాలా అని కూతురు అడిగితే దాహంగా లేదే అనేది.

ఒకసారి మాత్రం కూతురితో అనబోయింది. వినేదెవరు? ఎదురింటావిడ, పైఇంటావిడ, స్కూల్లో తోటి ఉద్యోగులు, అందరూ ఆ అల్లుణ్ణి ఆకాశానికెత్తేస్తున్నారు. ఏ అల్లుడమ్మా అత్తగార్ని ఇలా పసిపిల్లలా ఎత్తుకుని తిప్పుతాడు అని కూతురు కళ్ళు తుడుచుకుంది. ఇక సెగమ్మ నోరెత్తలేదు. మంచివాడని ఊరంతా ఒప్పుకున్నవాణ్ణి కాదనడం చాలా కష్టం.

ఇలా ఉండగా ఒకరోజు బాత్రూము నుంచి తిరిగి వస్తూ వస్తాదు ఆవిడని కుర్చీలో దించలేదు. ఎత్తుకునే హాలు మధ్యకి తెచ్చాడు. అలమరలో ఫోన్ నిలబెట్టి ఉంది. ఏమిటా అని ఆవిడ చూసేలోగా, ఆవిడని చేతుల్లో పెట్టుకునే మోకాళ్ళు వంచి కిందికి కూర్చోవడం, లేవడం మొదలుపెట్టాడు. లేచినప్పుడల్లా బుస్సుమని ఊపిరి వదిలాడు. పడిపోతానన్న భయంతో ఆవిడ అతని మెడ పట్టుకోక తప్పలేదు.

"చూశారుగా, మా అత్తయ్యగారు," అన్నాడు ఫోన్‌తో. "పాపం, ఇక లేచి నడిచే ఆశ లేదు. రోజూ నేనే మోస్తున్నా. నీళ్ళ డబ్బా, ఇసుక సీసా, అత్తయ్యగారు. మన ఇంటి జిమ్ముకి ఇంతకంటే ఏం కావాలి?"

సాయంత్రం ఆ వీడియోని కూతురు కూడా చూసి నవ్వింది. ఎంతమంది మెచ్చుకున్నారో అమ్మా అని తల్లికీ చూపించింది. చిన్న తెరమీద తన చిక్కిపోయిన కాళ్ళు గాల్లో వేలాడటం, నైటీ అంచు పైకి జరిగి ఉండటం సెగమ్మ చూసింది. ఒళ్ళు మండిపోయింది. అల్లుడి మీద కంటే, నవ్విన కూతురి మీద ఎక్కువ మండింది. నీళ్ళ డబ్బా పక్కన, సీసా పక్కన తనని ఒక సామానుగా లెక్కేశాడు. అది వదిలేసినా, ఆశ లేదన్న మాట ఉందే, అది మాత్రం ఆవిడ గుండెల్లో దిగబడింది. ఆశ ఉందో లేదో చెప్పడానికి వీడెవడు? ఎంత కష్టమైనా సరే, వీడి చెయ్యి పడకుండా నా కాళ్ళమీద నేను ఆ బాత్రూముకి వెళ్ళాలి, లోపల గడియ పెట్టుకోవాలి. అంతకుమించి ఆవిడకి ఈ లోకంలో ఇంకో కోరిక లేకపోయింది.

వస్తాదు డ్యూటీకి వెళ్ళాక, కూతురు స్కూలు నుంచి వచ్చేలోగా, ఇంట్లో ఎవరూ ఉండని సమయం కొంత ఉంది. ఆ సమయాన్ని ఆవిడ సొంతం చేసుకుంది. లాండ్రీ గంపలు మోసిన చేతులు కాబట్టి వాటిలో ఇంకా పస ఉంది. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి జరిగేది, కాలివేళ్ళతో నేలని తన్నుకుంటూ భోజనాల బల్ల దగ్గరికి చేరేది. అక్కడ గోడకి ఆనించిన కర్ర కుర్చీలోకి మారి, కింద దిళ్ళు వేసుకుని ఎత్తుగా కూర్చునేది. బల్ల అంచు పట్టుకుని లేవడం, కూర్చోవడం. మొదట్లో లేవడానికి కాదు, లేద్దామని అనుకోవడానికే చెమటలు పట్టేవి. ఛీ, నీ బతుకు చెడ, అని తన కాళ్ళని తనే తిట్టుకునేది. అల్లుడి మీద ఉన్న చులకన ఆవిడకి తన మీదా తక్కువేం లేదు. కాళ్ళు కాస్త మాట విన్నాక ఒక దిండు తీసేసింది. ఇంకొన్నాళ్ళకి రెండోది. ఆ తర్వాత బల్ల అంచు కూడా వదిలేసి, గోడ పట్టుకుని నాలుగడుగులు వెయ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు కాళ్ళకి బరువు కట్టాలనిపించింది. ఆ పిల్ల ఒకసారి తెచ్చిన ఇసుక పట్టీలు గుర్తొచ్చాయి. ఇసుక ఎక్కడ దొరుకుతుంది? కిటికీ కింద వరసగా నిలబడి ఉంది, నల్ల టేపు చుట్టుకుని.

బట్టలు మడత పెట్టేది సెగమ్మే కాబట్టి వస్తాదు సాక్సులు రెండు మాయం చెయ్యడం కష్టం కాలేదు. సీసా మూత తిప్పి, గుప్పెడు ఇసుక సాక్సులోకి వంచి, మూత బిగించి, సీసాని ఉన్నచోటే పెట్టేసింది. టేపు చుట్టి ఉంది కదా, లోపల ఎంతుందో ఎవడికి తెలుస్తుంది? సాక్సు మూతి గట్టిగా కుట్టేసి, గుడ్డపేలికతో చీలమండకి కట్టుకుని, కూర్చుని మోకాలు చాపేది. కాళ్ళు బలపడేకొద్దీ ఒక్కో సీసా నుంచి ఇంకో గుప్పెడు. కుట్టు విప్పడం, నింపడం, మళ్ళీ కుట్టడం. సాక్సులు పోయినందుకు వస్తాదు బట్టలుతికే మిషన్ని తిట్టాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం అత్తా అల్లుళ్ళకి అభిప్రాయం కలిసింది, మిషన్లని ఆవిడా ఏనాడూ నమ్మలేదు.

ఇప్పుడు అసలు వేడుక మొదలైంది. వస్తాదుకి సీసాలు తేలికవుతున్నాయి! మొదట అద్దం ముందు నిలబడి జబ్బలు తడుముకున్నాడు. తర్వాత పెళ్ళాం చేత తడిమించుకున్నాడు. మొన్నమొన్నటిదాకా చెమటలు పట్టించిన సీసాలు ఇప్పుడు దూదిలా ఉన్నాయని, ఇదంతా తన పట్టుదల అని, పద్ధతిగా చేస్తే ఎవరికైనా ఇంతేనని గోదాములో కోతలు కోశాడు. మంచంలో సెగమ్మ దుప్పటి మొహమ్మీదికి లాక్కుని, పొట్ట పట్టుకుని నవ్వింది. బరువు తగ్గితే సీసా వంక చూడాలని కూడా తట్టని మనిషి, వీడికి గోదాము గేటు అప్పజెప్పారు చూడు, అనుకుంది.

కోతలు ముదిరి చివరికి గోదాములో బస్తాలు మోసేవాళ్ళు ముగ్గురు సెలవురోజున చూడ్డానికి వస్తామన్నారు. అందులో ఒకడు వీడియో బాగా తీస్తాడట. వస్తాదు ఒళ్ళు మరిచిపోయాడు. ఆ రోజు పొద్దున వాళ్ళని తీసుకురావడానికి అతను బస్టాపుకి, ఏదో ఫలహారం తేవడానికి కూతురు బజారుకి వెళ్ళారు. దొరికిన కాసేపు ఎందుకు వదలాలని సెగమ్మ కాళ్ళకి ఇసుక కట్టుకుని చక్రాల కుర్చీలో కూర్చుని మోకాళ్ళు చాపుతోంది. అనుకున్నదానికంటే ముందే తలుపు తెరుచుకుంది. విప్పే వ్యవధి లేదు. నైటీ అంచు కిందికి లాగేసుకుని కూర్చుండిపోయింది.

బస్తాల మనుషులు వచ్చి చెప్పులు బయట విడిచి, గోడవారగా ఒదిగి నిలబడ్డారు. ముగ్గురికీ మెడ దగ్గర కండ గడ్డకట్టి ఉంది. వాళ్ళని చూడగానే వీళ్ళు పని చేసేవాళ్ళని సెగమ్మకి అర్థమైంది. వస్తాదు చొక్కా విప్పి, సీసాలెత్తి, ఆడించి, తిప్పి చూపించాడు. వాళ్ళు మర్యాదగా తలూపారు. ఇంతలో కూతురూ వచ్చింది. ఇక అసలుది చూడండి అంటూ వస్తాదు చక్రాల కుర్చీని హాలు మధ్యకి తోసి, అత్తగారి ముందు వంగాడు.

"అత్తయ్యగారూ, చేతులిలా మెడ చుట్టూ వెయ్యండి."

"కాస్త జరగండి అల్లుడుగారూ," అంది సెగమ్మ. "నేను బాత్రూముకి వెళ్ళాలి."

తీసుకెళ్తానుగా అన్నాడతను. అక్కర్లేదంది. కుర్చీ జారకుండా భోజనాల బల్లకి ఆనుకునేలా వెనక్కి తన్నుకుంది. పాదాలు వెనక్కి లాక్కుంది, ముందుకి వంగింది, లేచింది. కూతురి చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. వస్తాదు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఆవిడ ఎవరి వంకా చూడలేదు. గోడ మీద ఒక చెయ్యి వేసి, అడుగు తరవాత అడుగు ఈడ్చుకుంటూ, ఫ్రిజ్ దాటింది, వంటింటి గుమ్మం దాటింది. గట్టు దగ్గర ఆగి, తలుపు చట్రం పట్టుకుని, ఒక కాలు, తర్వాత రెండోది లోపల పెట్టింది. తలుపు వేసింది. గడియ బిగుసుకుపోయి ఉంది, అరచేత్తో గట్టిగా కొట్టింది. పడింది.

లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో! కూనిరాగం లేదు. సెగమ్మ కూర్చుని, చాలా రోజుల తర్వాత, తీరిగ్గా ఉంది.

లేవబోతే తెలిసింది అసలు సంగతి. ఈ కమోడ్ కర్ర కుర్చీ కంటే బెత్తెడు కిందికి ఉంది. ఇన్నాళ్ళూ ఎత్తి దించి ఎత్తి తెచ్చారాయె, ఆ తేడా కాళ్ళకి తెలిసే అవకాశమెక్కడ? ఒకసారి ప్రయత్నించింది, సగం లేచి దబ్బున కూలబడింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. తొడలు వణికిపోతున్నాయి. బయట కూతురు తలుపు తడుతోంది, అమ్మా గడియ తియ్యి అంటోంది. వస్తాదు తలుపు పగలగొడతానంటున్నాడు. ఆ మాట వినగానే సెగమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చేసీ, ఆఖరికి తలుపు పగలగొట్టుకుని వచ్చి వీడే ఎత్తుకెళ్ళాలా? ఆ ముగ్గురి ఎదట, వీడియో తీస్తుండగా?

తల దించుకుంది. అప్పుడు కనపడ్డాయి, చీలమండలకి వేలాడుతూ, వస్తాదు సాక్సులు. ఓసి నా మతి మండా, అనుకుంది. ఇంతదూరం ఇవి కట్టుకునే నడిచిందన్నమాట.

ఒక్కొక్క ముడీ విప్పింది. కాళ్ళు తమంతట తామే పైకి లేస్తాయా అన్నంత తేలికయ్యాయి. పాదాలు వెనక్కి, ఒళ్ళు ముందుకి, అరచేతులు తొడల మీద. ఈసారి లేచింది. లేచి, కుళాయి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. చేతులు కడుక్కుని, బట్ట సర్దుకుని, ఇసుక సాక్సులు రెండూ ఒక చేత్తో పట్టుకుని గడియ తీసింది.

ఎదురుగా వస్తాదు, తలుపు పగలగొట్టడానికి భుజం సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఆవిడ ఆ సాక్సులు అతని చేతిలో పెట్టింది. అనుకోని బరువుకి అతని చెయ్యి కిందికి జారింది.

"మీ సాక్సులండీ అల్లుడుగారూ," అంది. "ఇసుకా మీదే. మళ్ళీ సీసాల్లో పోసుకోండి."

అతనికి అర్థం కాలేదు. బస్తాల మనుషుల్లో పెద్దవాడికి అయింది. వంగి కిటికీ కింది సీసా ఒకటి తీసి చెవి దగ్గర ఊపాడు. అడుగున ఉన్న కాస్త ఇసుక గలగలమంది. మిగతా ఇద్దరూ ముఖాలు కిటికీ వైపు తిప్పుకున్నారు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. వీడియో తీసేవాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. చొక్కా లేకుండా, చేతిలో సాక్సులతో, వస్తాదు ముందు సీసా వంక, తర్వాత తన జబ్బల వంక చూసుకున్నాడు.

కూతురు తల్లి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకోబోయింది. సెగమ్మ పట్టుకోనివ్వలేదు. గోడ మీద చెయ్యి వేసుకుని తనే నడిచి మంచం చేరింది, కూర్చుంది.

"దాహంగా ఉందే," అంది.

కూతురు వంటింట్లోకి పరిగెత్తి గ్లాసు తెచ్చింది. సెగమ్మ ఆ గ్లాసు వంక చూసి పెదవి విరిచింది.

"గ్లాసు కాదు. చెంబు తీసుకురా."

అమ్మ తనంతట తాను నీళ్ళడిగి ఎన్నాళ్ళయిందో కూతురికి అప్పుడు గుర్తొచ్చింది. బాత్రూము వంక, ఆ తలుపు వంక, బల్లకి ఆనుకుని ఉన్న చక్రాల కుర్చీ వంక చూసింది. ముఖం పాలిపోయింది. వెళ్ళి చెంబు నిండా నీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించింది. సెగమ్మ చెంబెత్తి, గొంతు గుటకలు వేస్తుండగా, ఆగకుండా, అందరి ముందూ, అడుగుదాకా తాగేసింది.